సర్వీస్ సెంటర్ వాళ్ళతో సఖ్యతగా ఉంటూ పని సరిగ్గా చేయించుకోవడం ఎలా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: నరసాపురం దగ్గర పల్లె, మూడేళ్ళ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 34 వేల కిలోమీటర్లు తిరిగింది, భీమవరంలో కంపెనీ సర్వీస్ సెంటర్‌కి ఇస్తున్నారు. ప్రతిసారీ అనుకున్నదానికంటే మూడు నాలుగు వేలు ఎక్కువ బిల్లు వస్తోంది. ఎడమ ముందు చక్రం దగ్గర చప్పుడని రెండుసార్లు చెప్పినా "చెక్ చేశాం సార్, ఓకే" అని ఇచ్చేశారు. వాళ్ళతో గొడవ పడాలా, మంచి చేసుకోవాలా, బయట మెకానిక్ దగ్గరికి పోవాలా అని అడిగారు.

గొడవ అక్కర్లేదండి, బతిమాలడమూ అక్కర్లేదు. ముందు లోపల పని ఎలా నడుస్తుందో తెలిస్తే సగం చిక్కు తీరిపోతుంది. మీరు మాట్లాడేది సర్వీస్ అడ్వైజర్‌తో. ఆయన బండి మీద చెయ్యి వెయ్యడు. పొద్దున్నే వరసగా వచ్చిన బళ్ళన్నిటికీ జాబ్ కార్డులు రాసి, లోపలికి పంపి, సాయంత్రం బిల్లు చేసి అప్పగిస్తాడు. చెయ్యి వేసే టెక్నీషియన్ మిమ్మల్ని చూడడు, మీరు చెప్పింది వినడు. అతని చేతికి వచ్చేది జాబ్ కార్డు ఒక్కటే. మీరు అడ్వైజర్‌కి పది నిమిషాలు చెప్పిన చప్పుడు కథంతా ఆ కార్డు మీద "నాయిస్ చెక్" అనే రెండు మాటలైతే, లోపల కుర్రాడు బండిని లిఫ్ట్ మీదకి ఎత్తి, చక్రాలు నాలుగూ ఊపి చూసి, ఏమీ ఊగకపోతే ఓకే రాసేస్తాడు. అతని తప్పేం లేదు. అందుకే సర్వీసు వాళ్ళతో సంబంధం బాగుపడేది జాబ్ కార్డు రాసే ఆ పదిహేను నిమిషాల్లోనే.

మీ చప్పుడునే తీసుకుందాం. కార్డు మీద ఇలా రాయించండి: "మట్టి రోడ్డు మీద, చిన్న గుంతల్లో, 20-30 స్పీడులో ఎడమ ముందు వైపు టకటక చప్పుడు. బ్రేక్ తొక్కినా తొక్కకపోయినా వస్తోంది. స్పీడ్ బ్రేకర్ మీద రావట్లేదు. బండి వేడెక్కినా చల్లగా ఉన్నా ఒకేలా ఉంది." ఈ నాలుగు వాక్యాలతో టెక్నీషియన్‌కి దారి దొరుకుతుంది. రెండు చక్రాలూ ఒకేసారి ఎక్కే స్పీడ్ బ్రేకర్ మీద రాకుండా, ఒక చక్రమే దిగే చిన్న గుంతల్లో వస్తోందంటే ముందు స్టెబిలైజర్ లింక్ రాడ్డునీ (రెండు ముందు చక్రాల సస్పెన్షన్‌నీ కలిపే బార్‌కి తగిలించిన చిన్న రాడ్డు), ఆ బార్ బుష్‌లనీ అనుమానిస్తాడు. స్టీరింగ్ తిప్పినప్పుడు పైనుంచి కటకటమంటే స్ట్రట్ (షాక్ అబ్జార్బర్) మౌంట్, బేరింగు. బ్రేక్ తొక్కగానే ఆగిపోయే గలగల అయితే బ్రేక్ ప్యాడ్లు, కాలిపర్ పిన్నులు (ప్యాడ్లని నొక్కే భాగం జారే పిన్నులు). స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలినప్పుడు టిక్ టిక్ మంటే డ్రైవ్ షాఫ్ట్ బయటి జాయింటు. ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు రాదో రెండూ చెప్పాలి. రాని సందర్భం చెప్పడం చాలామంది మర్చిపోతారు, అసలు ఆచూకీ అక్కడే ఉంటుంది.

లింక్ రాడ్ సంగతి ఒకటి చూడండి. బండి లిఫ్ట్ మీద ఉన్నప్పుడు చక్రాలు కిందకి వేలాడి, రెండు వైపులా లింక్ మీద ఒకేరకం లాగుడు పడుతుంది. అరిగిన బాల్ జాయింటు కూడా బిగుతుగానే కనిపిస్తుంది. చక్రాలు నేల మీద ఉండగా, షెడ్డులో బండి కిందకి దిగే గుంతలోంచి చేత్తో పట్టి గట్టిగా కుదిపితేనే ఆ కొద్దిపాటి వదులు తెలుస్తుంది. రెండుసార్లు ఓకే అనడానికి కారణం ఇదే కావచ్చు. కానీ మీరు మాత్రం "లింక్ రాడ్ మార్చండి" అని రాయించకండి. పార్టు పేరు మీరు చెబితే అది మీ కోరిక అవుతుంది. మార్చాక చప్పుడు పోకపోతే డబ్బులు మీవే. లక్షణం చెబితే దాన్ని పోగొట్టే బాధ్యత వాళ్ళది.

రాసిన తర్వాత రోడ్ టెస్ట్ అడగండి. అడ్వైజర్‌తో కాదు, టెక్నీషియన్‌తో గానీ ఫ్లోర్ సూపర్‌వైజర్‌తో గానీ. "ఒక్క పది నిమిషాలు కూడా రండి, నేనే నడిపి వినిపిస్తాను" అంటే కాదనరు. సర్వీస్ సెంటర్లు ఎక్కువగా పెద్ద రోడ్డు మీద ఉంటాయి. నున్నటి తారు మీద తిప్పితే మీ చప్పుడు రాదు. దగ్గర్లో కాలువ గట్టు రోడ్డో, పుంత రోడ్డో చూసి పెట్టుకుని అక్కడికే తీసుకెళ్ళండి. ముందు రోజు ఫోన్లో చప్పుడు రికార్డు చేసి ఉంచితే ఇంకా మంచిది, అద్దాలు దించి, ఏసీ, పాటలు ఆపేసి. ఆయిల్ కారుతోందన్న ఫిర్యాదు అయితే మాత్రం ఇంటి దగ్గర కింద కడిగించుకుని వెళ్ళకండి. కారిన జాడ పోతే ఎక్కడినుంచి వస్తోందో పట్టుకోవడం కష్టం.

ఇక ఎప్పుడు వెళ్ళాలి. సోమవారం పొద్దున్న, శనివారం, పండక్కి ముందు వారాలు వద్దు. మన జిల్లాల్లో సంక్రాంతికి ముందు పది పదిహేను రోజులు ఏ సర్వీస్ సెంటర్ చూసినా కిటకిటలాడుతుంది. ఊళ్ళో బళ్ళతో పాటు హైదరాబాదు నుంచి వచ్చినవి కూడా తోడవుతాయి. ఆ రోజుల్లో ఆయిల్ మార్చి వాటర్ వాష్ చేసి ఇవ్వడమే గగనం, చప్పుడు వెతికే తీరిక ఎవరికీ ఉండదు. డిసెంబరు మొదటి వారంలో పని ముగించేసుకోండి. నెలాఖరులో టార్గెట్ల ఒత్తిడి ఉంటుంది కాబట్టి అదనపు పనులు చేయించుకోమని అడగడం కూడా అప్పుడే ఎక్కువ. నెల మధ్యలో, మంగళవారం నుంచి గురువారం లోపు, పొద్దున మొదటి స్లాట్ బుక్ చేసుకోండి. బుక్ చేసేటప్పుడే ఏం పనులో ఫోన్లో చెప్పి, పార్టులు స్టాకులో ఉన్నాయా అని అడగండి. లేకపోతే తెప్పించి పెట్టమనండి, అడ్వాన్సు అడిగితే ఇచ్చి రసీదు తీసుకోండి. పార్టు లేక బండి రెండు రోజులు ఆగిపోతే ఇద్దరికీ చిరాకే.

అడ్వైజర్ విషయంలో ఒకరినే పట్టుకోండి. ప్రతిసారీ ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళకి ఇవ్వకుండా, బుకింగ్ చేసేటప్పుడే పేరు చెప్పండి. మీ బండి పాత గొడవలు ఆయనకి గుర్తుంటాయి, తను పోయినసారి ఓకే అన్నది మళ్ళీ వస్తే తనే సిగ్గుపడి పట్టించుకుంటాడు. వీళ్ళు ఉద్యోగాలు తరచూ మారుతుంటారు కాబట్టి ఆయనతో పాటు వర్క్స్ మేనేజర్‌నో సర్వీస్ మేనేజర్‌నో కూడా ఒకసారి పలకరించి పరిచయం చేసుకోండి. సమస్య లేని రోజున చేసుకున్న పరిచయమే సమస్య వచ్చిన రోజున పనికొస్తుంది. పని బాగా చేస్తే టెక్నీషియన్ పేరు అడిగి తెలుసుకుని, వచ్చేసారి బండి అతనికే ఇమ్మని చెప్పండి. ఆ మాట లోపలికి చేరుతుంది. ఆత్రేయపురం పూతరేకులు ఒక డబ్బా పట్టుకెళ్ళినా ఎవరూ వద్దనరు, అది మన వైపు మర్యాద. చేతిలో డబ్బులు పెట్టడం మాత్రం చెయ్యకండి, తర్వాత మీరే గట్టిగా అడగలేరు.

బండి అప్పగించేటప్పుడు ఐదు నిమిషాల పని: మీటర్ రీడింగు, పెట్రోలు ముల్లు ఫోటో తీసుకోండి. ఉన్న గీతలు, సొట్టలు కార్డు మీద బొమ్మలో గుర్తు పెట్టించండి. డిక్కీ ఖాళీ చేసి స్టెప్నీ, జాకీ అందేలా ఉంచండి. బియ్యం బస్తాలూ కొబ్బరికాయలూ డిక్కీలో ఉంటే స్టెప్నీ గాలి ఎవరూ చూడరు. ఫోన్ నంబరు, సాయంత్రం ఎన్నింటికి కావాలో రాయించండి. "ఎస్టిమేట్ దాటి ఏ పని చేసినా ముందు ఫోన్ చేసి అడగాలి" అన్న ఒక్క వాక్యం కార్డు మీద రాయించి సంతకం పెట్టండి. బిల్లు వెయ్యి పెరిగిందన్న గొడవల్లో చాలావాటికి మందు ఇదే.

బిల్లు సంగతికి వద్దాం, ఇదే మీ అసలు బాధ. ఫ్రీ సర్వీసు అంటే లేబర్ మాత్రమే ఫ్రీ. ఆయిల్, ఫిల్టర్లు, వాషర్లు మనవే. లేబర్ మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. స్పేర్ల మీద కూడా 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతమే, అంతకు ముందు చాలావాటికి 28 ఉండేది. ఎస్టిమేట్ చెప్పేటప్పుడు జీఎస్టీ కలిపి చెబుతున్నారా, విడిగానా అని అడగండి. ఆ తేడానే వందల్లో ఉంటుంది.

ఓనర్ మాన్యువల్లో చివర్లో మెయింటెనెన్స్ పట్టిక ఉంటుంది. ఎన్ని కిలోమీటర్లకి, ఎన్ని నెలలకి ఏది చూడాలి, ఏది మార్చాలి అని. చాలా కంపెనీలవి 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందు వస్తే అది. ఆ పేజీ ఫోటో ఫోన్లో పెట్టుకుని అడ్వైజర్ ముందు తియ్యండి. "ఈ సర్వీసుకి పట్టికలో ఉన్నవన్నీ చేసేయండి. లేనివి ఏమన్నా చెబితే ఎందుకో చెప్పండి, ఆలోచిస్తాను" అనండి. అందులో కోపం లేదు, బేరం లేదు. ఆయనకీ తేలికే. మీరు తెలిసి మాట్లాడుతున్నారని అర్థమయ్యాక వచ్చేసారి ఆ అదనపు జాబితా చదవడం తగ్గిపోతుంది.

అలాగని అదనపు పనులన్నీ మోసం అనుకోకండి. కొన్ని మన డెల్టాలో నిజంగా కావలసినవి, కొన్ని ఎక్కడా అక్కర్లేనివి. బ్రేకులు విప్పి శుభ్రం చేసి, కాలిపర్ పిన్నులకి గ్రీజు పెట్టడం మనకి కావాలి. కాలువ గట్ల బురద, ఊడ్పుల కాలంలో రోడ్డెక్కే నీళ్ళు, చెరువుల దగ్గర ఉప్పు తేమ చేరి ఆ పిన్నులు పట్టేస్తాయి. పట్టేస్తే రెండు ప్యాడ్లలో ఒకటే అరిగి, డిస్కు వేడెక్కి, మైలేజీ కూడా పడిపోతుంది. ఏడాదికొకసారి ఈ పనికి డబ్బు ఇవ్వండి. ప్యాడ్ మందం ఎంత ఉందో మిల్లీమీటర్లలో రాయమనండి. కొత్తది ఇంచుమించు 10 ఉంటుంది, 3కి వచ్చిందంటే మార్చే టైం. "ప్యాడ్లు అయిపోవచ్చాయి సార్" అన్న మాటకంటే అంకె నయం, వచ్చే సర్వీసుకి పోల్చుకోవచ్చు.

బ్రేక్ ఆయిల్ కూడా అలాంటిదే. అది గాలిలో తేమని పీల్చుకునే రకం. డాట్ 4 (బ్రేక్ ఆయిల్ గ్రేడు) కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దగ్గర మరుగుతుంది, తేమ పట్టాక లెక్క 155కి దిగిపోతుంది. మన తేమ గాలిలో రెండేళ్ళకోసారి మార్పించడం దండగ కాదు. మీ బండికి మూడేళ్ళు కాబట్టి ఇంతవరకూ మార్చారో లేదో పాత బిల్లుల్లో చూడండి. మాన్యువల్లో ఏ డాట్ ఉంటే అదే పోయించాలి.

వీల్ అలైన్‌మెంట్ గుంతల రోడ్ల మీద తిరిగే బండికి 10,000కి ఒకసారి సబబే. కానీ చేసే ముందు ఒకటి, చేశాక ఒకటి ప్రింటు అడగండి. ముందు కొలతలు ఆకుపచ్చలోనే ఉంటే ఏమీ మార్చలేదన్నమాట. 80-100 స్పీడు మధ్య స్టీరింగ్ వణికితే అలైన్‌మెంట్ కాదు, బ్యాలెన్సింగ్ అడగాలి. ఈ రెండూ కలిపి చెబుతారు, విడివిడిగా అడిగి కావలసిందే చేయించుకోండి.

అండర్‌బాడీ కోటింగు విషయంలో ఊరిని బట్టి నా మాట మారుతుంది. తణుకు, తాడేపల్లిగూడెం వైపు తిరిగే బండికి ప్రతి ఏడాదీ కొట్టించుకోనక్కర్లేదు. అంతర్వేది, పేరుపాలెం, ఓడలరేవు, ఉప్పాడ లాంటి తీరం ఊళ్ళలో, రొయ్యల చెరువుల మధ్య ఉండేవాళ్ళకి ఒకసారి మంచిగా కొట్టిస్తే ఉపయోగమే. రొయ్యల వ్యాన్ల నుంచి కారే ఉప్పునీళ్ళు రోడ్డు మీద ఎండి, మన చక్రాలతో లేచి కిందంతా అతుక్కుంటాయి. అయితే తుప్పు మీద, తడి మీద కోటింగు కొడితే కింద తుప్పు దాగి పెరుగుతుంది. ముందు ప్రెషర్ వాష్, తర్వాత పూర్తిగా ఆరడం, అప్పుడు కోటింగు. సైలెన్సర్‌కి, సెన్సర్లకి, బ్రేకులకి తగలకుండా కప్పాలి. ముఖ్యంగా తలుపుల అడుగున, సిల్స్ (తలుపుల కింది గడప భాగం) కింద ఉండే చిన్న నీటి రంధ్రాలు మూసుకుపోకూడదు. అవి మూసుకుంటే వాన నీళ్ళు లోపలే నిలిచి తుప్పు లోపలినుంచి తినేస్తుంది. డెలివరీ తీసుకునేటప్పుడు వంగి ఆ రంధ్రాలు తెరిచి ఉన్నాయో లేదో వేలితో తడిమి చూడండి. కోటింగుకంటే కూడా నెలకి రెండుసార్లు కింద మంచినీళ్ళతో కడిగించడం ముఖ్యం. అదే ఉప్పుగాలికి ఏసీ కండెన్సర్ రెక్కలు కూడా పొడిపొడి అయిపోతాయి, ముందు గ్రిల్‌లోంచి తక్కువ ఒత్తిడి నీళ్ళు పట్టించండి.

ఫిల్టర్లు: సార్వా కోతలు, దాళ్వా కోతలు అయ్యాక ధాన్యం రోడ్ల మీదే ఆరబోస్తాం కదా. ఆ ఊక దుమ్ము ఏసీ ఫిల్టర్లో, ఎయిర్ ఫిల్టర్లో కూరుకుపోతుంది. మాన్యువల్లో దుమ్ము ప్రాంతాలకి వేరే గడువు ఉంటుంది, మనది అదే కిందకి వస్తుంది. ఏసీ గాలి తగ్గినా వాసన వచ్చినా ముందు ఫిల్టర్ మార్పించండి, దానికీ పోకపోతేనే ఏసీ క్లీనింగు ఫోమ్. ఇంజన్ డీకార్బనైజింగ్, ఆయిల్లో కలిపే మందులు, ఇంజన్ మీద మెరుపు పూత, నైట్రోజన్ గాలి, ఇవి వద్దని నవ్వుతూ చెప్పేయండి. త్రాటిల్ బాడీ (ఇంజన్‌లోకి గాలి వెళ్ళే భాగం) క్లీనింగ్, బండి ఆగి ఉన్నప్పుడు ఇంజన్ ఎగుడుదిగుడుగా తిరుగుతుంటేనే.

ఆయిల్ దగ్గర రెండు చూడండి. బిల్లు మీద ఎన్ని లీటర్లు వేశారో, మాన్యువల్లో ఎంత ఉందో. చిన్న పెట్రోల్ ఇంజన్లకి ఫిల్టర్‌తో కలిపి ఇంచుమించు మూడు నుంచి నాలుగు లీటర్ల మధ్య ఉంటుంది, మీ బండి అంకె మాన్యువల్లో చూసుకోండి. గ్రేడు కూడా సరిపోల్చండి. ఇంటికొచ్చాక మట్టంగా ఉన్నచోట బండి ఆపి, పది నిమిషాలాగి డిప్‌స్టిక్ తీసి, తుడిచి, మళ్ళీ పెట్టి తియ్యండి. రెండు గుర్తుల మధ్య ఉండాలి. పై గుర్తు దాటితే వెంటనే ఫోన్ చేసి తీయించండి, ఎక్కువైన ఆయిల్ నురగ కట్టి ఇంజన్‌కి చేటు. రెండోది డ్రెయిన్ ప్లగ్ వాషర్. బిల్లులో చిట్టచివర చిన్న మొత్తంతో ఒక లైను ఉండాలి. ఒకసారి నలిగితే సరిగ్గా పట్టని రకం అది చాలా బళ్ళకి. ఆ లైను లేకపోతే పాతదే వేసి ఉండొచ్చు, నాలుగు రోజుల్లో అక్కడ చెమ్మ కనిపిస్తుంది. అడిగేటప్పుడు "వాషర్ వెయ్యలేదా?" అని గద్దించకుండా "వాషర్ లైను కనపడలేదండి, వేశారేమో చూస్తారా" అంటే చాలు.

డబ్బిచ్చి మార్చిన పాత పార్టులు చూపించమని జాబ్ కార్డు మీదే రాయించండి, తర్వాత అడిగితే చెత్తలో కలిసిపోతాయి. వారంటీలో మార్చినవి మాత్రం ఇవ్వరు. అవి కంపెనీ పరిశీలనకి ఉంచాలి, అక్కడ పట్టుపట్టకండి.

ఇప్పుడు ఎలుకలు. కోతలయ్యాక పొలాల్లో తిండి తగ్గి ఇళ్ళవైపు వస్తాయి. గడ్డిమేటు పక్కన, ధాన్యం గాదె పక్కన కారు పెట్టేవాళ్ళకి ఇది ఏటా వచ్చే బెడద. బానెట్ కింద వెచ్చగా ఉంటుంది కాబట్టి దూరి వైర్లు కొరుకుతాయి. ఇది వారంటీలోకి రాదు. సర్వీస్ సెంటర్ వాళ్ళు వైరింగ్ హార్నెస్ మొత్తం మార్చాలని ఎస్టిమేట్ ఇస్తే కంగారు పడకుండా ఎన్ని వైర్లు, ఎక్కడ కొరికిందీ బానెట్ ఎత్తి చూపించమనండి. హెడ్‌లైట్, హారన్ లాంటి వైరు ఒకటి రెండు కొరికితే సోల్డర్ చేసి ష్రింక్ ట్యూబు వేసి బాగుచెయ్యచ్చు. ఎయిర్‌బ్యాగు, ఏబీఎస్, ఇంజన్ కంప్యూటర్ వైర్లయితే అతుకులు వద్దు, మార్చడమే మంచిది. రెండింటి ఖర్చూ అడగండి. పని మొదలుపెట్టకముందే ఇన్సూరెన్సు వాళ్ళకి చెప్పి సర్వేయర్ చూడనివ్వండి, కొరికిన వైర్లు తీసేశాక క్లెయిము అడిగితే కష్టం. బానెట్ కింద రాలిన గింజలు, ఎండు గడ్డి ఉంటే వారానికొకసారి తీసెయ్యండి.

వరద నీళ్ళు ఇంకో సంగతి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరికి మొదటి ప్రమాద హెచ్చరిక 10 లక్షల క్యూసెక్కులకి, రెండోది 13 లక్షలకి, మూడోది 17 లక్షలకి ఇస్తారు. లంక ఊళ్ళవాళ్ళు మొదటి హెచ్చరికకే బండిని ఏటిగట్టు మీదకో, ఎత్తు మీదకో చేర్చేయాలి. ఒకవేళ మునిగితే సెల్ఫ్ కొట్టకండి, తాళం కూడా తిప్పకండి. సిలిండర్‌లో నీళ్ళుండగా ఇంజన్ తిరిగితే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. ఆ నష్టాన్ని మామూలు కాంప్రిహెన్సివ్ పాలసీలో తర్వాత చేసిన పనివల్ల వచ్చిందని కొట్టేస్తారు, ఇంజన్ ప్రొటెక్ట్ యాడ్‌ఆన్ ఉంటేనే దక్కుతుంది. నీళ్ళు ఎంతవరకు వచ్చాయో మరక కనిపించేలా ఫోటోలు తీసి, బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పి, ఇన్సూరెన్సుకి తెలియజేసి, తర్వాత సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేయండి. అప్పుడు వందల బళ్ళు ఒకేసారి వస్తాయి. ఫోన్ ఎత్తి, టోయింగ్ బండి పంపి, షెడ్డులో చోటు చూపించేది తెలిసిన మొహానికే. కార్పెట్లు, సీట్లు తీసి ఆరబెట్టడం ఒకటి రెండు రోజుల్లో జరగాలని గట్టిగా అడగండి, ఆలస్యమైతే కనెక్టర్లలో పచ్చటి చిలుము పట్టి ఏడాది తర్వాత కూడా లైట్లు పిచ్చిగా వెలుగుతుంటాయి.

యాక్సిడెంట్ క్లెయిముల్లో బిల్లు ఎందుకు పెరిగిందని అడ్వైజర్‌తో తగువు పెట్టుకునేవాళ్ళు చాలామంది. జీరో డెప్ (పార్టుల తరుగుదల కోయకుండా ఇచ్చే యాడ్‌ఆన్) లేని పాలసీలో రబ్బరు, ప్లాస్టిక్, నైలాన్ పార్టులకి, టైర్లకి, బ్యాటరీకి 50 శాతం మనమే పెట్టుకోవాలి, గాజుకి తరుగుదల లేదు. పైన ప్రతి క్లెయిములో మనమే భరించాల్సిన తప్పనిసరి మినహాయింపు 1500 సీసీ లోపు కారుకి వెయ్యి రూపాయలు, దాటితే రెండు వేలు. ఇది పాలసీ లెక్క, సర్వీస్ సెంటర్ లెక్క కాదు.

మీ మూడో ప్రశ్న, బయట మెకానిక్. ముందు ఎక్స్‌టెండెడ్ వారంటీ (డబ్బు కట్టి పొడిగించుకున్న వారంటీ) ఉందో లేదో చూడండి. ఉంటే గడువు ప్రకారం సర్వీసులు కంపెనీ సెంటర్లోనే జరగాలి, ఒకటి తప్పినా క్లెయిము కొట్టేసే అవకాశముంది. పంక్చరు, వైపర్లు, బ్యాటరీ లాంటివి బయట చేయించుకున్నా ఏం కాదు. వైర్లు కోసి బిగించే హారన్లు, లైట్లు, ఆంప్లిఫయర్లు మాత్రం వద్దు, కప్లర్‌తో పెట్టేవే వేయించండి. కోసిన వైరు కనిపిస్తే ఎలక్ట్రికల్ వారంటీ అడగడానికి మనకి మొహం ఉండదు. వారంటీ లేకపోతే చిన్నా చితకా పనులకి నమ్మకస్తుడైన మెకానిక్ మంచివాడే. అయినా ఏడాదికి ఒక సర్వీసు కంపెనీలో చేయించండి అని నా సలహా. కారణం గుడ్‌విల్ క్లెయిము. వారంటీ అయిపోయిన కొద్ది నెలలకే పెద్ద పార్టు పోతే, సర్వీస్ మేనేజర్ కంపెనీ ఏరియా మేనేజర్‌కి రాసి పార్టు ఖర్చులో కొంత భాగం కంపెనీ చేత పెట్టించే వీలుంటుంది. అది హక్కు కాదు. వాళ్ళు మొదట చూసేది సర్వీసు చరిత్ర సందు లేకుండా ఉందా అని, రెండోది మేనేజర్ మీ తరఫున ఎంత గట్టిగా రాశాడని. డీలర్ వేరు, కంపెనీ వేరు. మీ తరఫున కంపెనీని అడగగలిగేది డీలరే, కాబట్టి ఆయన్ని శత్రువుని చేసుకోకండి.

సర్వీసు అయ్యాక మూడు నాలుగు రోజుల్లో ఫీడ్‌బ్యాక్ ఫోన్ వస్తుంది. పదికి పది చెప్పమని అడ్వైజర్ ముందే బతిమాలతాడు, ఆయన ఇన్సెంటివ్ దానిమీద ఉంటుంది. పని బాగుంటే పదే చెప్పి ఆయన పేరు కూడా చెప్పండి. బాగోకపోతే ఫోన్ రాకముందే ఆయనకి చెప్పి సరిచేసే అవకాశమివ్వండి. అయినా కాకపోతే "సమస్య ఇంకా ఉంది, జాబ్ కార్డు నంబరు ఇది" అని నిజమే చెప్పండి, అది రికార్డు అవుతుంది. మార్కులు తగ్గిస్తానని ముందే బెదిరించడం మాత్రం సంబంధాన్ని పాడుచేస్తుంది.

మీ చప్పుడుకి ఇది మూడోసారి. కాబట్టి ఈసారి జాబ్ కార్డు మీద "రిపీట్ కంప్లయింట్" అని, పాత రెండు కార్డుల నంబర్లూ రాయించండి. రిపీట్ అని పడితే లోపల ఫ్లోర్ సూపర్‌వైజర్ స్వయంగా చూస్తాడు. రోడ్ టెస్టులో చప్పుడు వినిపించాక బండి వదలండి, తెచ్చుకునే ముందు అదే రోడ్డు మీద మళ్ళీ తిప్పి చూశాకే డెలివరీ కాగితం మీద సంతకం పెట్టండి. అప్పటికీ తేలకపోతే వర్క్స్ మేనేజర్, తర్వాత సర్వీస్ మేనేజర్, ఆపైన కంపెనీ కస్టమర్ కేర్‌కి కార్డుల ఫోటోలతో మెయిల్. ఒక్కొక్క మెట్టుకీ వారం చొప్పున ఆగండి. కంపెనీ కూడా తేల్చకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, ఫోన్లోనే ఫిర్యాదు తీసుకుంటారు. ఆ దశలో వాళ్ళు అడిగేది జాబ్ కార్డులు, బిల్లులే కాబట్టి మొదటి సర్వీసు నుంచీ అన్నీ ఒక ఫైల్లో పెట్టుకోండి. రేపు భీమవరం వదిలి రాజమండ్రిలోనో కాకినాడలోనో అదే కంపెనీ వేరే డీలర్ దగ్గరికి మారినా, కొత్త అడ్వైజర్ ముందు ఆ ఫైలే పెట్టి మొదలుపెట్టండి.